పంది పిండంలో మనిషి కిడ్నీ: ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: మనిషి జన్యువులు కలిపిన పందుల నుంచి గుండె, కిడ్నీ తీసి రోగులకు పెడుతున్నారట. ఆ పంది కొంత మనిషి అయిపోయినట్టే కదా? ఇది న్యాయమేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయమ్మా. మీరు చదివింది మొదటి దాని గురించి. మీ భయం మాత్రం రెండోదానికే ఎక్కువ వర్తిస్తుంది.

మొదటిది జన్యువులు మార్చిన పంది. పంది కణాల పైన ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మన రక్తంలో ముందే ఉంటాయి. అందుకే మామూలు పంది అవయవం పెడితే రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, కొద్ది గంటల్లోనే నల్లబడిపోతుంది. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో డేవిడ్ బెనెట్‌కు పెట్టిన గుండె కోసం పందిలో 10 మార్పులు చేశారు. ఇలాంటి చక్కెరలు తయారుచేసే 3 జన్యువులను, గుండె అతిగా పెరగకుండా మరొకదాన్ని పనిచేయకుండా చేశారు. రక్తం గడ్డకట్టకుండా, రోగనిరోధక దాడి తగ్గేలా 6 మనిషి జన్యువులు చేర్చారు. దాదాపు 20 వేల జన్యువుల్లో 6 చేరితే పంది మనిషి కాదు.

రెండోది కైమీరా, అంటే రెండు జాతుల కణాలు కలిసిన జీవి. ఇక్కడ చేర్చేది జన్యువులను కాదు, బతికున్న మనిషి కణాలను. 2023లో చైనాలోని గ్వాంగ్‌జౌ శాస్త్రవేత్తలు పంది పిండంలో కిడ్నీకి అవసరమైన సిక్స్1, సాల్1 జన్యువులను తొలగించారు. అలా ఖాళీ అయిన చోట మనిషి మూలకణాలు (రకరకాల కణాలుగా మారగలిగేవి) ప్రవేశపెట్టారు. పంది కణాల పోటీకి అవి చచ్చిపోకుండా వాటిలోనూ మార్పులు చేశారు. 1,820 పిండాలను 13 పందుల్లో ఉంచి, 25-28 రోజులకే గర్భం ఆపి, 5 పిండాలను పరీక్షించారు. తొలిదశ కిడ్నీలో 50 నుంచి 60 శాతం మనిషి కణాలే. అయితే కొద్ది కణాలు మెదడులో, వెన్నుపాములో కూడా కనిపించాయి.

అసలు చిక్కు ఇదే. కణాలు మెదడుకు చేరితే ఆ జీవికి ఎంత తెలుస్తుందో, ఎంత బాధ కలుగుతుందో కొలిచే సాధనం మన దగ్గర లేదు. బీజకణాలుగా (అండం, వీర్యకణం) మారితే ఆ ప్రభావం తర్వాతి తరానికి పోతుంది. నాడీకణాలుగా మారే దారిని మనిషి మూలకణాల్లో ముందే మూసేయడం, ఆ జంతువులను జతకట్టనివ్వకపోవడం చేయదగ్గ పనులు. నాడీకణాల దారి నిజంగా మూసుకుపోతుందని గట్టిగా రుజువయ్యేదాకా అలాంటి పిండాన్ని పుట్టనివ్వకూడదన్నదే మా అభిప్రాయం. పైగా ఆ కిడ్నీలో రక్తనాళాలు పందివే, కాబట్టి రోగి శరీరం దాన్ని తిరస్కరించే బెడద తీరలేదు.

పంది సంగతీ మరవొద్దు. సూక్ష్మక్రిములు సోకకుండా పంది పిల్లలను సిజేరియన్‌తో తీసి, తల్లికి దూరంగా, మూసిన గదుల్లో పెంచుతారు. గుంపుగా బతికే జంతువుకు అది చిన్న కష్టం కాదు.

ప్రశ్న: రోగి ఒప్పుకుంటే చాలదా? మధ్యలో ఎవరికి అభ్యంతరం?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: చాలదండీ. బెనెట్ 2 నెలలు బతికారు. ఆ గుండెలో పంది సైటోమెగలో వైరస్ బయటపడింది. ఆపరేషన్‌కు ముందు పంది ముక్కు నుంచి నమూనా తీసి చేసిన పరీక్షలో అది దొరకలేదు, ఎందుకంటే వైరస్ కణాల్లో దాక్కుని ఉంటుంది. ప్రతిరక్షకాల పరీక్ష కూడా చేస్తేనే పట్టుబడుతుంది. జంతువుల క్రిమి మనిషికి అలవాటు పడితే ఇంట్లోవాళ్లకీ, ఊరికీ ముప్పే. అందుకే అమెరికా మార్గదర్శకాల్లో రోగిని జీవితాంతం పరీక్షించాలని, రోగితో పాటు సన్నిహితులూ రక్తదానం చేయకూడదని ఉంది. మామూలు ప్రయోగం నుంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఇక్కడ ఆ హక్కు ఆచరణలో సన్నగిల్లుతుంది. కాబట్టి సంతకానికి ముందు భార్య లేదా భర్తతోనూ విడిగా మాట్లాడాలి. మన దగ్గర అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో ఎదురుచూసే రోగికి మరో దారి లేదనిపిస్తుంది. ఆ నిస్సహాయతలో ఇచ్చే ‘సరే’ను వెంటనే తీసుకోకుండా, కొన్ని రోజుల గడువిచ్చి, ఆపరేషన్ చేసే బృందంలో లేని డాక్టరు చేత మళ్లీ అడిగించాలి.