పెరటి కోళ్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: ఇంటి పనిలో నాప బండలు పదిహేను దాకా మిగిలాయి. నాలుగు వైపులా వాటినే నిలబెట్టి, పైన ఇనుప రేకు వేసి పన్నెండు నాటు కోళ్లకు గూడు కట్టించాలనుకుంటున్నాను. ముంగిసల బెడద ఉంది కనుక సందన్నదే లేకుండా మూసేద్దామని మా వారు అంటున్నారు. ఇది మంచిదేనా?
- ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: వద్దమ్మా. ఎర్రగుంట్ల దగ్గర మా పెరట్లో నేను కట్టించిన మొదటి గూడు అచ్చం ఇదే. బండలు చవక, చేతికి దగ్గర, ఇంకేం కావాలి అనుకున్నాను. మే నెలలో ఒక తెల్లవారుజామున తలుపు తీస్తే నాలుగు పెట్టలు నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఎక్కడా గాటు లేదు, నెత్తురు లేదు. గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే ఆ వేళకూ వెచ్చగానే ఉంది.

బండ పగలంతా ఎండ తాగి రాత్రి కక్కుతుంది. కోడికి చెమట పట్టదు. రొప్పుతూ, రెక్కలు ఎడం చేసుకుని ఒళ్లు చల్లబరచుకోవాలి. గాలి కదలని చోట ఆ పాట్లు ఎన్ని పడినా ఫలితం ఉండదు.

మీ బండలు వృథా కావు. నేలకు పరవండి, కాస్త వాటంగా, నీళ్లు నిలవకుండా. పందికొక్కు అడుగు నుంచి తవ్వుకుని రాలేదు. మిగిలినవాటిని చుట్టూ అడుగున్నర ఎత్తు గోడగా నిలపండి, చాలు. ఆ పైనంతా అరంగుళం కన్నాల వెల్డింగ్ జాలీ. ఆరు మూలల కోళ్ల జాలీ అంటగట్టబోతే తీసుకోకండి. అది కోడిని లోపల ఆపుతుందే గాని కుక్కను బయట ఆపలేదు. బండల మధ్య కీళ్లను సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టించండి. ఆ పగుళ్లలోనే గోమార్లు పగలంతా దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. నెలల తరబడి పస్తున్నా చావని జాతి అది.

కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సరిపోతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉంచితే ఎండ లోపలికి తక్కువ పడుతుంది. వేప నీడ ఉంటే అక్కడే కట్టండి. రేకు వేసుకోండి గాని దాని మీద జానెడు మందాన బోద గడ్డి కప్పి, ఎండాకాలం మధ్యాహ్నాలు తడపండి. చూరు రెండడుగులు బయటికి రావాలి, అక్టోబరు, నవంబరు జల్లు లోపలికి కొట్టకుండా. లోపల రెండడుగుల ఎత్తున గుండ్రటి కర్రలు అడ్డంగా బిగించండి. గుడ్లు పెట్టే పెట్టెలు వాటికన్నా కిందే ఉండాలి. లేకపోతే కోళ్లు వాటిలోనే పడుకుని గుడ్లన్నీ రెట్టల పాలు చేస్తాయి.

మీ వారి భయం తీసిపారేయదగ్గది కాదు. మా గూట్లోకి ముంగిస ఒకే ఒక్కసారి దూరింది, అదీ నేను గొళ్లెం వేయడం మరిచిన రాత్రి. గొళ్లేలు రెండు పెట్టించండి, వేసే పని ఆయనకే అప్పగించండి.

ప్రశ్న: గూటి నేల మీద వేరుశనగ పొట్టు పరవవచ్చా? మా దగ్గర బోలెడంత ఉంది.
- ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: నిక్షేపంగా పరవండి, మూడంగుళాల మందాన. నేనూ అదే వాడతాను. ఒకటే షరతు, పొట్టు బాగా ఎండి ఉండాలి. వేరుశనగకు తడి తగిలితే బూజు పడుతుంది, ఆ బూజులోని విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నీళ్ల కుండ చుట్టూ ముద్దకట్టిన పొట్టును ఏ రోజుకారోజు తీసేయండి, మిగతాది వారానికోసారి పారతో తిరగేయండి. తీసిన పొట్టును వెంటనే మొక్కలకు వేయకండి, కొన్ని నెలలు కుప్పలో మాగనివ్వండి. పచ్చి రెట్ట వేసి నేను మా కరివేపాకు చెట్టును మాడ్చుకున్నాను.