జీఎస్టీ, ఫుడ్ లైసెన్స్ ఉన్నాయి కదా, మళ్లీ ట్రేడ్‌మార్క్ ఎందుకు?

అక్కా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హనుమకొండలో మీరూ మీ అత్తమ్మా కలిసి ఆరేళ్లుగా పచ్చళ్లు, కారం పొడులు, సకినాలు చేసి అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ‘కాకతీయ’ అని, కింద చిన్నగా అత్తమ్మ పేరు ఉంటుంది. ఇప్పుడు జమ్మికుంటలో ఇంకొకరు అదే పేరుతో, అదే ఎరుపు, పసుపు రంగుల కవర్‌తో అమ్మడం మొదలుపెట్టారు. జీఎస్టీ, ఫుడ్ లైసెన్స్ మీ పేరున ఉన్నాయి కాబట్టి సరిపోతుందా, లేదా పాతిక వేలు అడుగుతున్న కన్సల్టెంట్‌కు ఇచ్చి ట్రేడ్‌మార్క్ చేయించాలా అని అడిగారు.

సరిపోదు. చేయించండి, ఆలస్యం చేయకండి. అయితే ఇప్పుడున్న లేబుల్‌ను ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి ఫైల్ చేయించొద్దు. ఎందుకో కింద చెప్తాను.

మాది వరంగల్‌లో కారం, పసుపు, మసాలా పొడుల వ్యాపారం. నాన్న గిర్నీ నడిపేవారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొని, ఎండబెట్టి, పట్టించి తెలిసినవాళ్లకు ఇవ్వడంతో మొదలైంది. తర్వాత ఆయన పేరుతోనే ప్యాకెట్లు వేశాం. ఆ పేరును రిజిస్టర్ చేయించే పని మొదటి నుంచి చివరిదాకా నేనే చూసుకున్నాను కాబట్టి తెలిసింది చెప్తున్నాను.

మొదట లైసెన్సుల సంగతి. జీఎస్టీ నంబర్ మీరు పన్ను కట్టే వ్యాపారి అని చెప్తుంది. ఫుడ్ లైసెన్స్ మీరు తిండి పదార్థాలు చేసి అమ్మడానికి అనుమతి ఉన్నవాళ్లని చెప్తుంది. ఉద్యమ్ సర్టిఫికెట్ మీది చిన్న పరిశ్రమ అని చెప్తుంది. ఈ పేరు ఇంకెవరైనా వాడుతున్నారా అని వీటిలో ఏదీ చూడదు. అందుకే జమ్మికుంట ఆయనకు కూడా అదే పేరుతో ఇవన్నీ వస్తాయి, బహుశా ఈపాటికి వచ్చే ఉంటాయి. పేరు మీద హక్కు అనేది 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం కింద వచ్చే వేరే విషయం.

ఆ చట్టంలో మీకు ధైర్యం ఇచ్చే మాట ఒకటుంది. మన దేశంలో ముందు రిజిస్టర్ చేసినవాళ్లకన్నా ముందు నుంచి నిజాయితీగా వాడుతున్నవాళ్ల వైపు చట్టం ఎక్కువ మొగ్గుతుంది. సెక్షన్ 34 చెప్పేది అదే. రేపు జమ్మికుంట ఆయన మీకన్నా ముందు ఫైల్ చేసినా మీ ఆరేళ్ల వాడకం ఎక్కడికీ పోదు. కానీ ఆ ఆరేళ్లు కాగితం మీద కనిపించాలి. నోటితో చెప్తే ఎవరూ వినరు.

కాబట్టి కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లేముందు బీరువా తెరవండి. దరఖాస్తులో ‘ఫలానా తేదీ నుంచి వాడుతున్నాం’ అని రాస్తే, దానికి అఫిడవిట్, వెనక రుజువులు జత చేయాలి. మాకు బాగా పనికొచ్చినవి నాన్న బిల్లు పుస్తకాలు, కవర్లు ప్రింట్ చేసిన ప్రెస్సు వాళ్ల రసీదులు. ప్రెస్సు రసీదు చాలా గట్టి కాగితం అక్కా, ఎందుకంటే దాని మీద బ్రాండ్ పేరు, తేదీ, ఎన్ని కవర్లు అన్నీ ఉంటాయి, పైగా అది మనం రాసుకున్నది కాదు, బయటివాళ్లు ఇచ్చింది. కిరాణా షాపులకు వేసిన బిల్లులు, ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకున్న రసీదు, పేపర్‌లో ఇచ్చిన ప్రకటన, కొరియర్ చీటీలు, ఫేస్‌బుక్‌లో తేదీతో ఉన్న పాత ఫొటోలు కూడా పెట్టండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపమని పార్సిల్ చేయించుకునేవాళ్లు మీకూ ఉండే ఉంటారు. ఆ వాట్సాప్ ఆర్డర్లు, వాటికి డబ్బులు వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఉంచండి. ఏడాదికి ఒకటి రెండు చొప్పున వరుసగా దొరికితే మంచిది. ఆరేళ్లలో మధ్యలో రెండేళ్లు ఖాళీగా ఉంటే ఎదుటివాళ్ల లాయర్ అక్కడే పట్టుకుంటాడు.

ఇక పేరు. ఇది వినడానికి మీకు కష్టంగా ఉండొచ్చు. మన దగ్గర కాకతీయ అన్న పేరు లేని వీధి ఉందా? యూనివర్సిటీ ఉంది, కాలువ ఉంది, స్కూళ్లు, హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, మెడికల్ షాపులు ఉన్నాయి. భద్రకాళి, రామప్ప పేర్లూ అంతే. మనకు వాటి మీద ప్రేమ ఉంది కాబట్టే అందరం పెట్టుకుంటాం. అందరూ పెట్టుకునే పేరు ఒక్కరిది ఎలా అవుతుంది? ఊరి పేరును, సరుకును వర్ణించే మాటను మాత్రమే బ్రాండ్‌గా అడిగితే సెక్షన్ 9 కింద అభ్యంతరం వస్తుంది. అదే పేరు మీద అంతకుముందే ఎవరికో రిజిస్ట్రేషన్ ఉంటే సెక్షన్ 11 కింద వస్తుంది. తిండి పదార్థాల్లో కాకతీయ అని కొడితే మీకు ఈ రెండో తలనొప్పి తప్పకపోవచ్చు. మా పేరు చివర కూడా వరంగల్ అని ఉండేది. దరఖాస్తును చూసి ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఇచ్చే పరీక్ష నివేదికలో దాని మీదే అభ్యంతరం రాశారు. ఊరి పేరు మీద మాకు ప్రత్యేక హక్కు అక్కర్లేదు, మేం అడిగేది నాన్న పేరుతో కలిపి ఉన్న మొత్తం లేబుల్‌కు మాత్రమే అని జవాబు ఇచ్చాం.

అందుకే నా గట్టి అభిప్రాయం: మీ లేబుల్‌ను తిరగేయండి. అత్తమ్మ పేరు పైకి, పెద్దగా తీసుకురండి. కాకతీయ కింద చిన్నగా ఉండనీయండి, లేదా మెల్లగా తీసేయండి. జనం మీ దగ్గర కొనేది ఆమె చేతి రుచి. ఆమె పేరు, ఇంటి పేరు కలిపి రాస్తే పచ్చళ్ల లోకంలో అది వేరే ఎవరికీ ఉండే అవకాశం తక్కువ. రెండు దరఖాస్తులు పెట్టే స్థోమత ఉంటే ఒకటి ఉత్త పేరుకు, ఒకటి ఇప్పటిదాకా వాడిన లేబుల్ బొమ్మకు పెట్టండి. ఒక్కటే అయితే పేరుకే పెట్టండి, ఎందుకంటే కవర్ డిజైన్ రేపు మారుతుంది, పేరు మారదు. ఆమె పేరు వాడుతున్నారు కాబట్టి ఆమె సంతకంతో ఒక సమ్మతి పత్రం రాయించుకోండి. తెలుగు అక్షరాల్లో ఉన్న పేరును ఫైల్ చేస్తే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఇవ్వాల్సి ఉంటుంది.

పచ్చళ్ల మీద ‘వరంగల్ చపాట మిర్చి’ అని కూడా పెద్దగా వేయాలనుకుంటున్నాం అని రాశారు. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకుముందు 2018లో మన వరంగల్ దర్రీలకు, అంటే నేసిన తివాచీలకు, వచ్చినట్టే. అది ఆ ప్రాంతంలో పండించే రైతులందరి పేరు. మీరు నిజంగా ఆ మిర్చే వాడుతుంటే ఆ మాట సరుకు వివరాల్లో చెప్పుకోండి, కొన్న రసీదులు దాచుకోండి. బ్రాండ్ పేరులో మాత్రం కలపకండి.

ఫైల్ చేసేముందు ట్రేడ్‌మార్క్‌లు చూసే ప్రభుత్వ వెబ్‌సైట్ ఐపీ ఇండియాలో పబ్లిక్ సెర్చ్ ఉచితంగా చేసుకోవచ్చు. స్పెల్లింగ్‌తో పాటు ఉచ్చారణ ప్రకారం కూడా వెతకండి. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు కదా. వెతికేటప్పుడు క్లాస్ నంబర్, అంటే మీ సరుకు ఏ వర్గంలోకి వస్తుందో ఆ నంబర్, అడుగుతుంది. మొత్తం 45 క్లాసులు ఉంటాయి. పచ్చళ్లు 29లోకి వస్తాయి, కారం, మసాలా పొడులు, సకినాలు, గారెప్పలు లాంటి పిండివంటలు 30లోకి వస్తాయి. అంటే మీకు కనీసం రెండు క్లాసులు కావాలి. కొందరు ఏజెంట్లు ఒక్క 30లో వేసి పంపేస్తారు, అప్పుడు మీ అసలు సరుకైన పచ్చళ్లే బయట మిగిలిపోతాయి. రేపు టిఫిన్ సెంటర్ పెట్టే ఆలోచన ఉంటే అది 43, కానీ ఇప్పుడే దాని కోసం డబ్బు పెట్టొద్దు.

డబ్బు సంగతి. ఆన్‌లైన్‌లో టీఎం-ఏ అనే దరఖాస్తు ఫారం వేస్తే వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు, స్టార్టప్‌లకు ఒక్కో క్లాస్‌కు 4,500 రూపాయలు. మిగతావాళ్లకు 9,000. రెండు క్లాసులకు మీకయ్యే ప్రభుత్వ ఫీజు 9,000. పాతిక వేలు అడిగినాయన మిగతా పదహారు వేలకు ఏం చేస్తాడో రాతపూర్వకంగా అడగండి. అభ్యంతరానికి జవాబు, హియరింగ్ కూడా అందులోనే ఉంటే ఆ మొత్తం అన్యాయం కాదు. ఉత్త ఫైలింగ్‌కే అయితే ఎక్కువ. ఫీజు కట్టిన ప్రభుత్వ రసీదు, దరఖాస్తు నంబర్ మీ చేతికి రావాలి. దరఖాస్తుదారుగా మీ పేరో మీ సంస్థ పేరో ఉండాలి. ఫోన్ నంబర్, ఈమెయిల్ మీవి కూడా ఇవ్వండి. మీరూ అత్తమ్మా భాగస్వాములైతే బ్రాండ్ ఎవరి పేరున ఉండాలో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి, మీ ఆడబిడ్డలు, మరుదులు ఉన్నప్పుడే. వ్యాపారం పెద్దదయ్యాక ఈ మాట ఎత్తడం చాలా కష్టం.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి, కానీ అక్కడికి వెళ్లే పని లేదు. మాకు హియరింగ్ కూడా వీడియోలోనే అయింది. పరీక్ష నివేదిక వచ్చిన నెల రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది. స్టేటస్‌లో అబ్జెక్టెడ్ అని కనిపించగానే టెన్షన్ పడకండి, ఎక్కువ దరఖాస్తులకు అది మామూలే. ఆ సమయంలో తెలియని ఏజెంట్లు వరసగా ఫోన్లు చేసి, వెంటనే డబ్బు కట్టకపోతే పేరు పోతుందని భయపెడతారు. మీ వివరాలు సైట్‌లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి ఆ ఫోన్లు వస్తాయి, పెట్టేయండి. జవాబు ఒప్పుకుంటే పేరు ఆ ఆఫీసు ప్రచురించే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వస్తుంది. అప్పటి నుంచి నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఎవరూ రాకపోతే సర్టిఫికెట్. పదేళ్లు చెల్లుతుంది, దరఖాస్తు తేదీ నుంచే లెక్క, తర్వాత రెన్యూ చేసుకుంటూ పోవచ్చు.

దరఖాస్తు వేసిన రోజు నుంచి ప్యాకెట్ మీద టీఎం అని వేసుకోండి. వలయంలో ఆర్ ఉన్న గుర్తు మాత్రం సర్టిఫికెట్ వచ్చేదాకా వేయకూడదు, అది చట్టరీత్యా తప్పు.

ఇక జమ్మికుంట ఆయన. సర్టిఫికెట్ వచ్చాక చూద్దాంలే అని ఊరుకోకండి. అమృతధార, లక్ష్మణ్‌ధార అని రెండు మందుల పేర్ల మీద 1962లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మామూలు మనిషి సగం గుర్తుతో కొంటాడు, పేరును ముక్కలు చేసి చూడడు, కాబట్టి ఈ రెండు పేర్లూ దగ్గరగానే ఉన్నాయని కోర్టు ఒప్పుకుంది. అయినా అమృతధార వాళ్లు ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నారన్న కారణంతో, రెండోవాళ్లకు ఉత్తరప్రదేశ్ వరకు రిజిస్ట్రేషన్ ఇవ్వొచ్చంది. మా ప్యాకెట్‌ను పోలిన ప్యాకెట్లు పక్క జిల్లాలో కనిపించినప్పుడు మా దగ్గర ఇంకా దరఖాస్తు నంబరే ఉంది. మా డిస్ట్రిబ్యూటర్‌తో అవి రెండు కొనిపించి, బిల్లు తీసుకుని, మా పాత ప్రెస్సు రసీదుల కాపీలతో లాయర్ నోటీసు పంపించాం. తర్వాత ఆయనే ఫోన్ చేశాడు, కూర్చుని మాట్లాడుకున్నాం, ఉన్న కవర్లు అయిపోయేదాకా గడువు అడిగాడు, ఇచ్చాం, పేరూ రంగూ మార్చుకున్నాడు. ఆ ఒప్పందం రాసి సంతకాలు పెట్టించుకున్నాం.

మీరూ ఈ వారమే జమ్మికుంటలో ఒక ప్యాకెట్ బిల్లుతో కొనిపించండి. ఆయన దరఖాస్తు ఏమైనా వేశాడేమో పబ్లిక్ సెర్చ్‌లో చూడండి. వేసి ఉంటే, జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలల లోపు ఆన్‌లైన్‌లో క్లాస్‌కు 2,700 కట్టి వ్యతిరేకించవచ్చు. నోటీసులో కాకతీయ అన్న మాట మీద పట్టుబట్టొద్దు, అక్కడ మీ వాదన బలహీనం. కవర్ రంగులు, అక్షరాల అమరిక, పేరు అన్నీ కలిపి చూస్తే కొనేవాళ్లు మీ సరుకే అనుకుంటున్నారని రాయించండి. పొరబడి అక్కడ కొని మీకు ఫోన్ చేసిన కస్టమర్లు ఎవరైనా ఉంటే వాళ్ల మెసేజ్‌లు డిలీట్ కాకుండా చూసుకోండి.