చెరువు కింద పల్లపు పొలాలు: రైతుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ నల్లగొండ, పాలమూరు వైపు చెరువుల కింది రైతులవే. నీళ్లు చాలడం లేదని కొందరు రాస్తే, నీళ్లు పోవడం లేదని కొందరు రాశారు. ఈ రెండో బాధ గురించి మన దగ్గర మాట్లాడేది తక్కువ కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: చెరువు కట్ట దిగువన నాకు ఎకరంన్నర మడి ఉంది. జాలు వదలదు, నేల ఎప్పుడూ ఊరుతూనే ఉంటది. యాసంగిలో నాటేసిన నెలకే వరి ఎర్రబడుతున్నది. యూరియా ఎంత చల్లినా పచ్చబడదు. కోతకు మిషన్ దిగబడుతున్నది. ఏం చేయాలె?
– ఒక రైతు, నకిరేకల్ మండలం

జవాబు: ముందు యూరియా ఆపండి. ఒక దుబ్బు పీకి, వేళ్లు కడిగి చూడండి. నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే వేరుకు గాలి ఆడడం లేదన్నమాట. ఎప్పుడూ నీళ్లు నిలిచే మట్టిలో పుట్టే విషవాయువు వేరును చంపుతుంది. చచ్చిన వేరుకు యూరియా వేసి లాభం లేదు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలుండి, మొక్క గిడసబారితే జింకు లోపం కూడా తోడైనట్టే. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, 5 రోజులకోసారి రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. అయితే నీళ్లు తీయనిదే ఏ మందు పనీ నిలవదు.

ఆ నీళ్లు ఎక్కడివో తేల్చుకోండి. తూము మూసిన పది రోజులకు జాలు తగ్గితే అవి కాలువవి, ఎగువ మళ్లవి. తగ్గకపోతే కట్ట కింది ఊట. ఊట తేటగా ఉంటే భయం లేదు. మట్టి రంగులో, ఇసుకను నెట్టుకుంటూ బుగ్గలా పొంగుతుంటే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. అదే రోజు నీటిపారుదల అధికారులకు చెప్పండి. ఎలాంటి ఊటైనా సరే, కట్ట అడుగును మీరు తవ్వకండి. కట్టను మోసేది అక్కడి మట్టే.

మిగిలింది జాలు కాలువ, అంటే మడిలో నిలిచిన నీటిని బయటికి తీసే కాలువ. రెండున్నర, మూడడుగుల లోతు, పైన మూడడుగులు, అడుగున ఒక అడుగు వెడల్పు చాలు. ఇసుక పాలు ఎక్కువుంటే గట్లు జారతాయి, పైవెడల్పు ఇంకా పెంచండి. తవ్వకం ఒర్రె (చిన్న వాగు) దగ్గర మొదలై మీ మడి దాకా రావాలి, అంటే దిగువ నుంచి ఎగువకు. చాలామంది తమ పొలంలో మొదలుపెట్టి కిందికి పోతారు. సగం దూరం పోయాక ఒర్రె అడుగే ఎత్తులో ఉందని తెలుస్తుంది. అప్పటికి తవ్విందంతా నీళ్ల గుంట అవుతుంది.

వాలు చూడడానికి మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం సరిపోతుంది. 20 మీటర్ల గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలనూ కొలత గీతలున్న కర్రలకు ఆనించి పట్టుకోవాలి. గొట్టంలో ఒక్క గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది. అందుకని పొడవునా వేలితో తడుతూ బుడగలన్నీ బయటికి పంపండి. 20 మీటర్లకు 4, 5 సెంటీమీటర్లు దిగితే నీరు సాఫీగా నడుస్తుంది.

తవ్విన మట్టి అంచునే కుప్ప పోస్తే మొదటి వానకే లోపల పడుతుంది. రెండడుగులు వదిలి పరచండి. ట్రాక్టర్ దాటే చోట అడుగు వ్యాసానికి తక్కువ సిమెంటు పైపు వేయకండి. ఆరంగుళాల పైపు ఒక్క గడ్డి మోపుతో మూసుకుపోతుంది. ఏటా మే నెలలో తుంగ, గుర్రపు డెక్క తీసేయాలి.

ఇవన్నీ చేసినా మీ ఒక్కరి మడి ఆరదు. కోతకు 10, 15 రోజుల ముందు మీరు నీళ్లు ఆపితే, పైమడి రైతు పైరు అప్పుడే పొట్టకొచ్చి ఉంటుంది. ఆయన నీళ్లు మీ మీదికే దిగుతాయి. ఒకే జాలు కాలువ మీద ఉన్నవాళ్లంతా ఒకే వారంలో నారు పోసి, ఒకే కాలానికి కోతకొచ్చే రకం వేయాలి. మిషన్ దిగబడకుండా చేసేది అదే.

ఇంకొక్క మాట. 2015లో మిషన్ కాకతీయ మొదలైన నాటి నుంచి పూడిక మట్టి తోలుకోవడం బాగా అలవాటైంది. ఎర్ర చెలకలకు అది మంచిదే. మీ జాలు మడికి వద్దు. ఆ బంకమట్టి నీరు ఇంకడాన్ని మరింత ఆపుతుంది.

ప్రశ్న: డిసెంబరులో మా చెరువులో 24 ఎంసీఎఫ్‌టీ నీళ్లున్నయి. ఆయకట్టు 160 ఎకరాలు. యాసంగి తైబందీ, అంటే నీళ్లిచ్చే విస్తీర్ణం, ఎంత పెట్టుకోవాలె?
– గ్రామ రైతులు, దేవరకద్ర మండలం

జవాబు: ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు. మీ 24లో గొడ్లకు, చేపలకు 4 పక్కన పెట్టండి. నీరు పరుచుకునే మేర సగటున 60 ఎకరాలనుకుంటే, రోజుకు 5 మిల్లీమీటర్ల లెక్కన నాలుగు నెలల్లో ఆవిరయ్యేది దాదాపు 5. సాగుకు మిగిలేది 15. ఒక ఎంసీఎఫ్‌టీతో పండే యాసంగి వరి ఇంచుమించు 6 ఎకరాలు. అంటే 90 ఎకరాలు. ఆయకట్టులో ఎకరం ఉన్న ప్రతివారికీ 22 గుంటలు (ఎకరానికి 40 గుంటలు) వస్తాయి. ఆ 90 ఎకరాలూ తూముకు దగ్గరగా ఒకే చెక్కగా ఉండాలి. దూరాన భూమి ఉన్నవాళ్లకు ఆ చెక్కలోనే ఈ పంటకు వాటా ఇవ్వాలి. ఎవరి పొలంలో వాళ్లు 22 గుంటలు వేస్తే కాలువ పొడవునా నీళ్లు ఇంకిపోయి, చివరి మడి ఎండిపోతుంది.

నీరటి (నీళ్లు వదిలే మనిషి) వంతులు గంటల్లో రాసుకోవాలి. కాలువలో ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) పారితే ఎకరంలో 5 సెంటీమీటర్ల నీరు నిలవడానికి రెండు గంటలు పడుతుంది. దారిలో ఇంకేది తీసేస్తే రోజుకు 8, 9 ఎకరాలు తడుస్తాయి. రెండు క్యూసెక్కులైతే మీ 90 ఎకరాలకు ఐదారు రోజులు. ఎంత పారుతున్నదో తెలియకపోతే, కాలువ వంకర లేకుండా తిన్నగా ఉన్న చోట 30 అడుగులు కొలిచి, ఎండు కొమ్మ ముక్క వదలండి. అది 25 సెకన్లలో దాటి, కాలువ వెడల్పు రెండడుగులు, నీటి లోతు ఒక అడుగు ఉంటే అది రెండు క్యూసెక్కులు. పైనీరు అడుగునీటి కంటే వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన అంకెను 0.85తో గుణించాలి. ఇక్కడ ఆ లెక్క కట్టే చెప్పాం.

ప్రశ్న: మా బిడ్డను దివిసీమలో ఇచ్చినం. వాళ్ల పొలాలకు మురుగు కాలువ నుంచి ఉప్పునీరు ఎగదన్నుతున్నదట. మన దిక్కు చౌడుకు జిప్సం వేస్తాం కదా, అక్కడా వెయ్యమని చెప్పాల్నా?
– ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: వద్దమ్మా. జిప్సం పనిచేసేది కారు చౌడుకు, అంటే ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటిన క్షార నేలకు. సముద్రపు ఉప్పు చేరిన తెల్ల చౌడుకు మందు మంచినీళ్లే. మడి నిండా నిలబెట్టి, ఉప్పు కరిగాక కిందికి తీసేయాలి. తీసే దారి లేకుంటే ఉప్పు అక్కడే మిగులుతుంది. ముందు మట్టి పరీక్ష చేయించమని మీ అల్లుడుగారికి చెప్పండి.

అక్కడి అసలు పని మురుగు కాలువలోకి సముద్రపు నీరు రాకుండా ఆపే లాకు తలుపుది. సముద్రానికి రోజూ రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). పోటుకూ పోటుకూ నడుమ 12 గంటల 25 నిమిషాలు. అందుకే తలుపు తీసే వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. గడియారం చూసి ఒకే వేళకు తీస్తే వారం తిరిగేసరికి పోటుకు ఎదురు తీసినట్టవుతుంది. పాటుకు తీయాలి, పోటు ఎక్కకముందే మూయాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు పెద్దది. ఆ రోజుల్లో మనిషి దగ్గరుండాలి. ఒత్తిడికి తానే మూసుకునే తలుపైతే, సందులో ఇరుక్కున్న గుర్రపు డెక్క వల్ల బెత్తెడు తెరుచుకుని ఉన్నా రాత్రికి రాత్రి కాలువంతా ఉప్పనవుతుంది. రోజూ పొద్దున చూడాలి.

వానలు ఆగాక కాలువను పూర్తిగా ఖాళీ చేయొద్దు. రెండో పంటకు ఆ మంచినీరే ఆధారం. పైగా కాలువ నీటి బరువు తగ్గితే అడుగునున్న ఉప్పునీరు పైకి ఊరుతుంది. మెరక మళ్లకూ పల్లపు మళ్లకూ నడుమ చిన్న గట్టు వేసుకుంటే, మెరక ముందుగా ఆరి మినుముకు అదను దొరుకుతుంది. పక్కన రొయ్యల చెరువులుంటే వాటి నీళ్లు మురుగు కాలువకే వదలాలి, పంట కాలువకు కాదని ఊళ్లో అందరూ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి.

ప్రశ్న: వరిని ఆరబెట్టి తడిపే గొట్టం పద్ధతి అన్ని మళ్లకూ పనికొస్తుందా?
– ఒక రైతు, హాలియా

జవాబు: చౌడు మళ్లకు పనికిరాదు. ఆరినకొద్దీ ఉప్పు పైకొస్తుంది. మిగతా చోట్ల 30 సెంటీమీటర్ల పైపు తీసుకుని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగం మట్టిలో దించండి. లోపలి మట్టి తీసేయండి. నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు 5 సెంటీమీటర్ల తడి ఇవ్వండి. పూతకు వారం ముందు, వారం తర్వాత ఆరబెట్టొద్దు.

ప్రశ్న: జాలు కాలువకు నడుమ ఒకాయన జాగ ఇయ్యనంటున్నడు.
– మునుగోడు నుంచి ఐదుగురు రైతులు

జవాబు: కాలువను ఆయన మడి మధ్యలో నుంచి కాక సరిహద్దు గెట్టు వెంబడి తిప్పి చూడండి. వంద మీటర్ల పొడవున మూడడుగుల వెడల్పు పోయేది ఒక గుంటకు కొద్దిగా తక్కువ. ఆ గుంట మిగతా ఐదుగురూ తలా కొంత సర్దాలి, లేదా ఏటా ఆ గుంట పంట విలువ కలిసి కట్టివ్వాలి. ఒప్పుకున్నది కాగితం మీద రాసి, కాలువ లోతు, వెడల్పు, ఏటా మేలో పూడిక ఎవరు ఎన్ని మీటర్లు తీయాలో అందులోనే చేర్చండి.