మరో కాలిబర్‌కి డైలు కొనాలా, వద్దా?

“అన్నా, రెండేళ్లుగా 9 ఎంఎం తూటాలు గ్యారేజీలో నేనే రీలోడ్ చేసుకుంటున్నా. మొన్న షూటింగ్ రేంజిలో ఒకాయన .45 ఏసీపీ ఖాళీ కేసులు బకెట్‌ నిండా ఊరికే ఇచ్చాడు. ఇంట్లో .357 మాగ్నమ్ రివాల్వర్ ఒకటి ఉంది. మా ఆవిడకి చిన్న .380 పిస్తోలు ఉంది. రెండో కాలిబర్ మొదలుపెడదామని మనసు పీకుతోంది. దేనికి డైలు కొనమంటావు?”

డాలస్ పక్కన ఉండే ఒక తమ్ముడి ప్రశ్న ఇది. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు: కాలిబర్ అంటే తూటా సైజు, 9 ఎంఎం, .45, .357, .380 అన్నీ అలాంటి పేర్లే. తూటాలో ఇత్తడి గొట్టం కేసు, దాని అడుగున నిప్పు రాజేసేది ప్రైమర్, లోపల మందు (గన్‌పౌడర్), మూతిలో బుల్లెట్. కాల్చేసిన కేసుని మళ్లీ నింపి తూటా చేయడమే రీలోడింగ్; దానికి వాడే హ్యాండిల్ యంత్రం ప్రెస్, అందులో బిగించే అచ్చులు డైలు. ఈ తమ్ముడికి గ్రీన్ కార్డ్ వచ్చి నాలుగేళ్లయింది కాబట్టి సూటిగా జవాబు చెప్పొచ్చు. కానీ నిన్నగాక మొన్న విమానం దిగినవాళ్లు కూడా ఇది చదువుతారు కదా, ముందు వాళ్లతో ఒక మాట.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌నే అడగండి, ఫ్రెండ్‌ని కాదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ చట్టం దృష్టిలో ‘అమ్యునిషన్’ అంటే పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, మందు, అన్నీ అందులోకే వస్తాయి. రూమ్మేట్‌కి సాయం చేద్దామని ప్రెస్ దగ్గర కూర్చున్న కుర్రాడు కూడా చిక్కుల్లో పడొచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. అయితే తుపాకీ కేసులో శిక్ష పడితే ఆ కార్డుకే ఎసరొస్తుంది. నాకు కార్డు రావడానికి పదకొండేళ్లు పట్టింది. అన్నాళ్లూ నేను తుపాకీ ముట్టుకోలేదు. అది నిష్ఠ కాదు, భయం.

ఇక నీ సంగతి తమ్ముడూ.

ముందు ఆ బకెట్ గొడవ తేల్చుకుందాం. నీ దగ్గర .45 పిస్తోలే లేదు. ఖాళీలు దొరికాయని డైలు కొని, డైలు ఉన్నాయి కదా అని పిస్తోలు కొంటే, నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు ఉంటుంది. .45 చెడ్డదని కాదు. 1911 పిస్తోలుతో పాటు అమెరికా సైన్యంలో చేరి దశాబ్దాల పాటు నిలబడిన తూటా అది. 9 ఎంఎంకి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లయితే, దీనికి 21,000 మాత్రమే. అందుకే దీని ఇత్తడి ఎక్కువ సార్లు వస్తుంది. పగలడం కంటే గడ్డిలో పడి పోవడమే ఎక్కువ. కేసు మూతి కూడా వెడల్పు, నాలాంటి లావు వేళ్లవాళ్లకి హాయి.

పేచీ ఎక్కడంటే, దానికి లార్జ్ పిస్టల్ ప్రైమర్ కావాలి. నువ్వు ఇన్నాళ్లూ కూడబెట్టిన స్మాల్ పిస్టల్ ప్రైమర్లు పనికిరావు. పోనీ పెద్దవి కొందామన్నా, కొన్ని కంపెనీలు .45 కేసుల్ని కూడా చిన్న ప్రైమర్ గుంటతో చేశాయి. ఊరికే వచ్చిన బకెట్‌లో ఈ రెండు రకాలూ కలిసే ఉంటాయి. ఒక్కొక్కటీ తిరగేసి అడుగు చూసి వేరు చెయ్యాలి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. ఒక్కటి తప్పించుకున్నా ప్రెస్ మీద పెద్ద ప్రైమర్ చిన్న గుంటలోకి నలుగుతుంది, ఖర్మ కాలితే పేలుతుంది. దానికి తోడు .45 కేసులో .40 కేసు, దాని లోపల 9 ఎంఎం కేసు దూరి కూర్చుంటాయి. ఆ బకెట్‌ని దాని అవసరం ఉన్నవాడికి ఇచ్చెయ్. నువ్వు నిజంగానే ఒక .45 కొనుక్కుని, ఓ ఏడాది ఫ్యాక్టరీ తూటాలు కాల్చి, ఆ బిల్లు చూసి కళ్లు తిరిగిన రోజున మళ్లీ మాట్లాడుకుందాం.

.380 సంగతి ఒక్క ముక్కలో చెప్తా: వద్దు. మీ ఆవిడ ఏడాదికి ఎన్ని పెట్టెలు కాలుస్తుంది? రెండు, మహా అయితే మూడు. ఆ కేసు గోరంత ఉంటుంది, పట్టుకోవడమే కష్టం. పైగా అది 9 ఎంఎంకి చిట్టి చెల్లెలు. బుల్లెట్ వ్యాసం ఒకటే, కేసు రెండు మిల్లీమీటర్లు పొట్టి. నీ 9 ఎంఎం కుప్పలో కలిసిందంటే కంటికి ఆనదు. ఇంట్లో .380 ఇత్తడి పోగెయ్యకపోవడమే నీ 9 ఎంఎం పనికి మేలు.

మిగిలింది .357. నా ఓటు దీనికే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ రివాల్వర్‌లో కాల్చుకోవడానికి .38 స్పెషల్‌కి. .38 స్పెషల్ 1898 నాటిది, దాన్ని పొడిగించి 1935లో .357 మాగ్నమ్ చేశారు. పేర్లు వేరైనా బుల్లెట్ వ్యాసం ఒకటే. కేసు పొడవులోనే అంగుళంలో ఎనిమిదో వంతు తేడా పెట్టారు, పాత .38 రివాల్వర్లలో మాగ్నమ్ తూటా పట్టకూడదని. కాబట్టి .357 రివాల్వర్‌లో .38 నిక్షేపంగా కాల్చుకోవచ్చు, .38 రివాల్వర్‌లో మాగ్నమ్ మాత్రం వేయకూడదు. ఒకే డైల సెట్టుతో రెండూ చేసుకోవచ్చు, ఎత్తు సరిచేసుకుంటే చాలు. .38 ఎక్కువగా కాలిస్తే, తూటా కూర్చునే చాంబర్ లోపల మసి వలయంలా పేరుకుంటుంది. మాగ్నమ్ వేసే ముందు బ్రష్షు పెట్టి తోముకో.

అన్నిటికంటే పెద్ద లాభం, .38కి కూడా నీ అల్మారాలో ఉన్న స్మాల్ పిస్టల్ ప్రైమర్లే సరిపోతాయి. 2020, 21లలో ప్రైమర్ల కరువు చూసినవాడికి ఈ మాట విలువ తెలుస్తుంది. రెండు సైజుల ప్రైమర్ల కోసం రెండు క్యూల్లో నిలబడే ఖర్మ ఉండదు. మందు కూడా రెండిటికీ పనికొచ్చే రకాలు చాలానే ఉన్నాయి. కొలత మాత్రం దేనిది దానిదే. మాన్యువల్ తెరిచి చూడాలి, నీ జ్ఞాపకాన్ని నమ్మకూడదు, నన్ను అసలే నమ్మకూడదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఒక పౌండు మందులో 7,000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచే గురివింద గింజ ఉంది చూశావూ, ఒక గ్రెయిన్ దాంట్లో దాదాపు సగం. తూటాకి నాలుగు గ్రెయిన్లనుకున్నా పౌండుకి 1,750 తూటాలు. అంటే మందు ఖర్చు రెండు మూడు సెంట్లే. అసలు ఖర్చంతా బుల్లెట్, ప్రైమర్‌ల దగ్గరే. నా లెక్కలో 9 ఎంఎం ఒక్కోటి పదహారు, పదిహేడు సెంట్లు పడుతోంది. కొట్లో కొంటే పాతిక సెంట్ల లోపే దొరుకుతోంది. మిగిలేది ఏమంత గొప్ప? అదే .38 స్పెషల్ ఇంట్లో చేస్తే ఇరవై లోపు, కొట్లో నలభై పైన. డైలు, ప్రెస్ మీద కేసుల్ని పట్టి ఉంచే షెల్ ప్లేటు, మందు పోసే పౌడర్ ఫనెల్ అన్నీ కలిపి రెండొందల డాలర్లయినా వెయ్యి తూటాల్లో తిరిగొచ్చేస్తాయి. ఆ మిగిలింది బ్యాంకులో వేస్తావనుకోకు, రెండింతలు కాలుస్తావు. ఈ ముక్క మీ ఆవిడకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు .38 నాకు నేర్పిన పాఠం. దాని కేసు నల్లమందు కాలానికి తగ్గట్టు పొడుగ్గా ఉంటుంది. ఇప్పటి మందు అడుగున పిసరంత ఉంటుంది. రెండుసార్లు పడినా పొంగదు, అసలు పడకపోయినా తెలియదు. చాలా రకాల మందులతో 9 ఎంఎంలో రెండింతలు పడితే అంచుదాకా వచ్చి కళ్లకి కనబడుతుంది. .38 అలా కాదు, కడుపులో ఏముందో పైకి తెలియనివ్వదు.

ఒక ఆదివారం రాత్రి గ్యారేజీలో హ్యాండిల్ లాగుతుంటే ఇండియా నుంచి ఫోనొచ్చింది. మా అత్తగారు. మా ఆవిడ ఇంట్లోంచి, “ఆయన గ్యారేజీలో మందు కొలుస్తున్నారమ్మా” అంది. అవతల నిశ్శబ్దం. “ఎన్నాళ్ల నుంచే?” అని అత్తగారి గొంతు వణికింది. ఆవిడకి ఆ మందు వేరు, ఈ మందు వేరు అని సర్దిచెప్పి, నవ్వుకుంటూ వచ్చి మళ్లీ హ్యాండిల్ పట్టుకున్నా. ఎక్కడ ఆపానో చూసుకోలేదు.

తర్వాతి శనివారం రేంజిలో నాలుగో తూటాకి ‘ఠాప్’ అనాల్సింది ‘తుస్స్’ అంది, కుక్కర్ విజిల్ రాకుండా పక్క నుంచి ఆవిరి పోయినట్టు. చేతికి కుదుపే లేదు. నా వేలు అలవాటు కొద్దీ మళ్లీ ట్రిగ్గర్ మీదికి పోతోంది. పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన “స్టాప్!” అని ఒక్క అరుపు అరిచాడు. సిలిండర్ తెరిచి చూస్తే బ్యారెల్ మొదట్లోనే బుల్లెట్ ఇరుక్కుని ఉంది. ఆ కేసులో మందు పడనే లేదు, ప్రైమర్ ఒక్కటే దాన్ని అంత దూరం నెట్టింది. వెనకాల ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ ఉబ్బేదో పగిలేదో. ఇంటికొచ్చి ఇత్తడి కడ్డీ పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి బయటికి తీశా. ఆ రోజు చేసిన రెండొందల తూటాలూ ఒక్కొక్కటే విప్పదీశా. మందు లేనిది ఇంకొకటి దొరికింది.

అప్పటి నుంచి .38 మాత్రం ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ ఒక్కో ఊపుకి ఒక తూటా తయారుచేసేది) మీద ఒక్క ఊపులో చెయ్యను. యాభై కేసుల చెక్క ట్రేలో పెట్టి మందు పోశాక, టార్చి వేసి వరసగా లోపలికి చూస్తా. అన్నిట్లో మట్టం ఒకేలా ఉందనిపిస్తేనే బుల్లెట్ కూర్చోబెడతా. ఫోన్ వంటింట్లో. బల్ల మీద ఒకే మందు డబ్బా, రెండోది అల్మారాలో, అసలు డబ్బాలోనే. నీ దగ్గర యాభై కేసుల ట్రే, కాస్త ఓపిక లేకపోతే .38 కూడా వద్దు.

ఇంకొక సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. ప్రైమర్లలో సీసం ఉంటుంది, కాల్చిన ఇత్తడిని టంబ్లర్‌లో (కేసుల్ని తిప్పి శుభ్రం చేసే యంత్రం) తిప్పితే వచ్చే దుమ్ములోనూ ఉంటుంది. అమెరికావాడు ఫోర్కుతో తింటాడు, మనం అన్నం చేత్తో కలుపుకుంటాం. గ్యారేజీ నుంచి తిన్నగా కంచం దగ్గరికి పోకు. చన్నీళ్లతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. టంబ్లర్ పిల్లలు తిరిగే చోట పెట్టకు. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకో, చిన్న పరీక్షే. రెండో కాలిబర్ అంటే రెండో విడత దుమ్ము కూడా.

మనకి ఇంకో అలవాటుంది. మనం చేసింది నలుగురికీ పంచాలి. ఆవకాయ సీసా ఇచ్చినట్టు రీలోడ్ చేసిన తూటాల పెట్టె స్నేహితుడికి ఇవ్వకు. నీ రివాల్వర్‌లో బాగున్నది వాడి దాంట్లో బాగుంటుందన్న నమ్మకం లేదు. ఏదైనా అయితే జవాబు నువ్వే చెప్పాలి. “సామాన్ల ఖర్చు ఇస్తాలే” అని డబ్బు చేతులో పెట్టినా తీసుకోకు. మన వాడకానికి చేసుకుంటే లైసెన్స్ అక్కర్లేదు, అమ్మడానికి చేస్తే ఫెడరల్ లైసెన్స్ కావాలి.

చివరిగా బ్యాగు సంగతి. రేంజికి పట్టుకెళ్లే బ్యాగు, ఇండియాకి పట్టుకెళ్లే బ్యాగు ఎప్పటికీ ఒకటి కాకూడదు. సామానులో ఒక్క తూటా మిగిలినా అక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, మర్చిపోయానంటే అంత తేలిగ్గా వదలరు. ఖాళీ కేసు కూడా వద్దు, అది ఖాళీదేనని రాత్రి రెండు గంటలకి ఎవరికి నచ్చజెబుతావు? మొన్న డిసెంబరులో హైదరాబాద్ ప్రయాణానికి ముందు రోజు నేను ప్రతి జేబూ బోర్లించి చూశా. ఉతికి మడిచి సూట్‌కేసులో పెట్టిన జీన్స్ ప్యాంటులో రెండు .38 ఖాళీలు దొరికాయి. వాషింగ్ మెషీన్లో తిరిగి తిరిగి తళతళా మెరుస్తున్నాయి. నా టంబ్లర్ కూడా అంత బాగా చెయ్యదు.