డోమియే బొమ్మల్లో మధ్యతరగతి మీద అంత వెటకారం ఎందుకు?

19వ శతాబ్దపు ఫ్రెంచ్ కార్టూనిస్టులు రాజును వదిలేసి మధ్యతరగతి మీద ఎందుకు పడ్డారని అడిగారు. వాళ్ళంతట వాళ్ళు వదల్లేదండీ, వదిలించారు.

వాళ్ళలో ఒకడైన ఒనొరే డోమియే 1831లో రాజు లూయీ ఫిలిప్‌ను గార్గాంచువా అనే తిండిపోతు రాక్షసుడిగా గీశాడు. పేదల డబ్బు బుట్టలకొద్దీ ఆయన నోట్లోకి పోతుంటే, కింద నుంచి పదవులూ బిరుదులూ రాలుతుంటాయి. దానికి ఆరు నెలల జైలు పడింది. 1835లో రాజు మీద హత్యాయత్నం జరిగాక, ముందే అనుమతి లేనిదే బొమ్మ వేయకూడదని చట్టం తెచ్చారు. ఇక డోమియే బొమ్మలు వేసే 'ల షారివారి' అనే వ్యంగ్య పత్రికకు మిగిలింది ఇళ్ళూ, కోర్టులూ, షేర్ల వ్యాపారమూ. నాటకంలోంచి తెచ్చుకున్న రొబేర్ మకేర్ అనే మోసగాడికి డోమియే ఓసారి లాయరు వేషం, ఓసారి డాక్టరు వేషం వేశాడు.

ఇది భయపడి తగ్గడమని నేననుకోను. అప్పట్లో ఏడాదికి 200 ఫ్రాంకుల పన్ను కట్టే మగవాళ్ళకే ఓటు. అంటే దుకాణాలూ, అద్దె ఇళ్ళూ ఉన్నవాళ్ళదే రాజ్యం. వాళ్ళ బొజ్జ గీస్తే రాజు బొజ్జ గీసినట్టే.

పారిస్‌లో ఉన్నప్పుడు సేన్ నది గట్టు మీద పాత పుస్తకాల పెట్టెల్లో 1864 నాటి షారివారి పేజీ ఒకటి కొన్నాను. పలచటి కాగితం, వెనకవైపు అచ్చు ఇవతలికి కనిపిస్తుంది. అందులోని డోమియే బొమ్మలో చిత్రప్రదర్శనకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఒకావిడ మూతి విరుపు చూడాలి! "ఈ ఏడూ వీనస్‌లే... ఎప్పుడూ వీనస్‌లే! అలాంటి ఆడవాళ్ళు ఎక్కడైనా ఉన్నట్టు!" అంటోంది. వీనస్ అంటే రోమన్ల ప్రేమదేవత, చిత్రకారులు ఆమెను నగ్నంగా గీసేవారు. కళ తెలియదని ఆవిణ్ణి వెక్కిరించాడని చాలామంది అంటారు. నాకైతే ఆవిడ మాటే నిజమనిపిస్తుంది. అంతకుముందు ఏడాదే కబనెల్ గీసిన, పాలరాతిలా నున్నటి వీనస్‌ను మూడో నెపోలియన్ చక్రవర్తే కొన్నాడు. వెటకారంలో సగం ఆ బొమ్మల మీదే.

కబనెల్ వీనస్ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. రాజకీయ నాయకులను వెక్కిరిస్తూ డోమియే మట్టితో చేసి రంగులు వేసిన చిన్న చిన్న తలలు 36 కూడా అక్కడే ఉన్నాయి. వెళితే రెండూ చూడండి. ఇంకో సంగతి, బొమ్మల కింది మాటలు చాలావరకు పత్రికలో వేరేవాళ్ళు రాసినవి. మకేర్‌కు రాసింది సంపాదకుడు ఫిలిపోఁ. అందుకే నేను ముందు ముఖాలు చూస్తాను, తర్వాతే చదువుతాను.