రోమన్ విందు రంగం అమర్చబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

మీ కళాశాల నాటకంలో రోమన్ సంపన్నుడి ఇంటి విందు రంగం కోసం పొడవాటి బల్ల, కుర్చీలు అద్దెకు తెస్తున్నట్లు రాశావు. దయచేసి ఆ కుర్చీలు మానిపించు. నా తొలినాటి నాటకంలో నేనూ అలాగే కుర్చీలు వేయించాను. ప్రదర్శన ముగిశాక ఒక చరిత్ర అధ్యాపకుడు నా దగ్గరకు వచ్చి, "ఇంత గొప్పవాడు తన అతిథులను పానశాలలో కూర్చోబెట్టాడేమండీ?" అని అడిగారు. ఆయన ఎత్తిపొడుపులో నిజం లేకపోలేదు. రోమ్‌లో బల్ల ముందు కూర్చుని తినడం సామాన్యుల అలవాటు, సంపన్నులు పడుకుని తినేవారు.

వారి భోజనాల గది పేరు ట్రిక్లీనియం. మూడు మంచాలను మూడు వైపులా వేసి, నాలుగో వైపు వడ్డించేవారి కోసం వదిలేవారు. ఆ ఖాళీ వైపును నువ్వు ప్రేక్షకుల వైపు తిప్పుకుంటే చాలు. ఒక్కో మంచం మీద ముగ్గురు చొప్పున తొమ్మిది మంది, తల మధ్యనున్న బల్ల వైపు, కాళ్లు వెలుపలికి పెట్టి, ఎడమ మోచేతిని దిండుకు ఆనించి, కుడిచేత్తో తింటారు. ఒక చేయే ఖాళీగా ఉంటుంది కనుక మాంసం ముందే ముక్కలుగా కోసి రావాలి. చెంచాలు ఉంచవచ్చు గానీ ఫోర్కులు కనిపించకూడదు.

మంచాలు చేయించక ముందే ఎవరు ఎక్కడ పడుకోవాలో నిర్ణయించు, ఎందుకంటే స్థానమే అక్కడ హోదా. ప్రేక్షకులకు ఎడమ చేతి వైపు కనిపించే మంచం గృహస్థుడిది. నడిమి మంచం మీద దానికి ఆనుకుని ఉన్న చివరి చోటు ముఖ్య అతిథిది. దాన్ని 'కాన్సుల్ స్థానం' (కాన్సుల్ అంటే రోమ్‌లో అత్యున్నత పాలనాధికారి) అనేవారు. గృహస్థుడు తన మంచం మీద ఆ మూలకు దగ్గరి చోటే తీసుకుంటాడు. మీ నాటకంలో వారిద్దరి మధ్య రహస్య సంభాషణ ఉందన్నావు కదా, అది ఆ మూలలో సహజంగా కుదురుతుంది.

గ్రీకు పద్ధతిని ఇందులో కలపవద్దు. గ్రీకుల ఆండ్రాన్ అనే పురుషుల గదిలో మంచాలు గోడల వెంట సాగేవి. ఒక్కో మంచం ముందు ఒక చిన్న బల్ల ఉండేది. ఇంటి ఇల్లాలు అక్కడి పానగోష్ఠికి వచ్చేది కాదు. రోమన్ సామ్రాజ్య కాలంలోనైతే భార్యలు కూడా భర్తలతో పాటు మంచాల మీద ఆనుకునేవారు.

పళ్ళేలలో ద్రాక్ష, అంజూరం, ఆలివ్‌లు, చేపలు ఉంచు. టమాటా, మిరపకాయ అమెరికా ఖండాల నుంచి చాలా కాలానికి వచ్చినవి. అతిథులు తమ చేతిగుడ్డ తామే తెచ్చుకునేవారు. మిగిలిన పదార్థాలను అందులోనే మూటగట్టుకుని పోయేవారు. హాస్యపాత్రకు ఇది మంచి పని. వెనుక గోడ మీద ఏదైనా రాయించాలనుకుంటే పాంపేయి అనే రోమన్ నగరంలో ఒక ఇంటి భోజనశాల గోడ మీది హితవులు ఉన్నాయి: పరుల భార్యను మోహంతో చూడవద్దనీ, తగాదా మానుకోవాలనీ, మానలేకపోతే ఇంటికి వెళ్లాలనీ.

క్రీ.శ. 79లో అగ్నిపర్వత భస్మం కింద మునిగిన ఆ పాంపేయిలోనే 1938లో మన దేశపు దంతపు స్త్రీమూర్తి ఒకటి దొరికింది. అది చిన్న బల్ల కాలు అయివుండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం. నీ బల్లకు అటువంటి కాలొకటి చెక్కించగలిగితే నేను సంతోషిస్తాను, ఖర్చెక్కువైతే మానుకో.

మంచాల ఎత్తు గురించి ఎక్కువ చింత వద్దు. కానీ నటులను మొదటి రోజు నుంచే పరుపుల మీద పడుకోబెట్టి సాధన చేయించు. ఎడమ మోచేతి మీద అరగంట ఆనుకుంటే భుజం పట్టేస్తుంది, పైగా పక్కకు ఒరిగినప్పుడు గొంతు వెనుక వరుసల దాకా చేరదు.

ఇట్లు,
నీ మామయ్య