బీడీఎస్ తరువాత అమెరికాలో ఎంపీహెచ్: ఇది సర్వేల ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసింది. అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) చదివి, స్థానిక ప్రజల ఆరోగ్య అవసరాలను మదింపు చేసే రంగంలో స్థిరపడతానంటోంది. లక్షలు ఖర్చుపెట్టి వెళ్లి సర్వేలు చేయడమేనా అని మా బెంగ. ఈ రంగానికి భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ అమ్మాయి చెబుతున్న పనికి అక్కడ చట్టం దన్ను ఉంది. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం, లాభాపేక్ష లేని ఆసుపత్రులు పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే, మూడేళ్లకోసారి తమ పరిధిలోని ప్రజల ఆరోగ్య అవసరాలను మదింపు చేసి, ఆ నివేదికను వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచి, వాటిని తీర్చే ప్రణాళికను ఆమోదించాలి. విఫలమైన ఆసుపత్రిపై 50,000 డాలర్ల పన్ను పడుతుంది. ప్రభుత్వ ఆరోగ్య శాఖ అభిప్రాయంతో పాటు, తక్కువ ఆదాయం గలవారి, మైనారిటీల, వైద్యం సరిగా అందని వర్గాల మాట కూడా తప్పనిసరిగా వినాలి. గుర్తింపు కోరే కౌంటీ (మన జిల్లాలాంటిది) ఆరోగ్య శాఖలను పబ్లిక్ హెల్త్ అక్రెడిటేషన్ బోర్డు ఇలాంటి మదింపునే అడుగుతుంది కాబట్టి, చాలాచోట్ల ఆసుపత్రులూ కౌంటీ శాఖలూ కలిసి ఈ పని చేస్తాయి.

ఇందులో సర్వే ఒక భాగం మాత్రమే. మరణ ధ్రువపత్రాలు, ఆసుపత్రి డిశ్చార్జి రికార్డులు, సెన్సస్ బ్యూరో లెక్కలు దగ్గర పెట్టుకుంటే ఏ పేటలో మధుమేహం ఎక్కువో తెలుస్తుంది. అక్కడివారు క్లినిక్‌కు ఎందుకు రావడం లేదో, బస్సు లేకనా, భాష రాకనా, కూలి పోతుందనా అన్నది మాత్రం వారితో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. పది సమస్యలు తేలినప్పుడు, ఉన్న డబ్బుతో మూడింటినో నాలుగింటినో ఎంచుకుని, మిగిలినవాటిని ఎందుకు వదిలేశారో రాతపూర్వకంగా చెప్పాలి. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా బరువైన బాధ్యత అదే. దంతవైద్యం చదివిన అమ్మాయికి ఇక్కడ ఒక ప్రత్యేక బలం ఉంది. పేదల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌లో పెద్దలకు దంత చికిత్స ఇవ్వడం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. పంటి నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చేవారి కథ ఆమెకు ఇతరులకన్నా ముందే అర్థమవుతుంది. అయితే ఎంపీహెచ్ చేసినంత మాత్రాన అక్కడ దంతవైద్యం చేయడానికి లైసెన్సు రాదు, ఆ ఆశతో మాత్రం పంపవద్దు.

కోర్సు ఎంపికలోనే అసలు జాగ్రత్త కావాలి. ప్రజారోగ్య కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఈపీహెచ్ గుర్తింపు ఉన్న ఎంపీహెచ్‌లో కనీసం 42 క్రెడిట్లు ఉంటాయి. ఎపిడెమియాలజీ (వ్యాధుల వ్యాప్తి అధ్యయనం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంక శాస్త్రం) కోర్సుల కోడ్‌లు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్నందున, చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీ అనుమతికి మరో 24 నెలలు కలిసే అవకాశం ఉంటుంది. సాధారణ పబ్లిక్ హెల్త్ కోడ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒకే పేరున్న కోర్సుకు విశ్వవిద్యాలయాలు వేర్వేరు కోడ్‌లు ఇస్తాయి కనుక, ఫీజు కట్టకముందే, విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ20 పత్రంలోని కోడ్ చూసుకోండి. అలాగే ఈ రంగం ప్రభుత్వ గ్రాంట్ల మీద ఎంతగా ఆధారపడిందో 2025 మార్చిలో అందరికీ తెలిసివచ్చింది. రాష్ట్ర, స్థానిక ఆరోగ్య శాఖలకు ఇచ్చిన సుమారు 1,100 కోట్ల డాలర్ల గ్రాంట్లను రద్దు చేస్తున్నట్లు ఫెడరల్ ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. అందుచేత ఇల్లో పొలమో తాకట్టు పెట్టి మొత్తం ఫీజును అప్పుగా తెచ్చే ఆలోచన ఉంటే, స్కాలర్‌షిప్ గానీ అసిస్టెంట్‌షిప్ గానీ వచ్చేదాకా ఒక సంవత్సరం ఆగమనే చెబుతాను.

ఈలోగా, ఆమె వెళ్లాలనుకుంటున్న నగరంలోని ఒక ఆసుపత్రి తాజా మదింపు నివేదికను ఇంటర్నెట్‌లో వెతికి పూర్తిగా చదవమనండి. మీరూ పక్కన కూర్చుని, ఆ ఊరి సమస్యలేమిటో ఆమె చేత తెలుగులో చెప్పించుకోండి.